నయాగరా అమెరికా వైపు చూడాలా, కెనడా వైపు చూడాలా? ఇంట్లో పంచాయితీ తేలట్లేదు

చంటి_ఎడిసన్:

అందరికీ నమస్తే. ఈ ప్రశ్న ఇక్కడ ఇప్పటికే వంద సార్లు వచ్చి ఉంటుంది, తెలుసు. కానీ మా ఇంటి లెక్క కాస్త చిక్కుగా ఉంది, తిట్టకుండా చదవండి.

అమ్మానాన్న మే నెలలో వైజాగ్ నుంచి వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. ఇద్దరిదీ బీ2, అంటే విజిటర్ వీసా. నాది హెచ్1బీ, ఉద్యోగ వీసా, మా ఆవిడది దాని మీద వచ్చే హెచ్4. మా ఇద్దరికీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఎప్పుడో అయిపోయింది, ఎక్స్‌టెన్షన్ పేపర్లూ ఐ-94లూ (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రం ఇంకా రెండేళ్ళకి ఉన్నాయి. బుడ్డోడు ఇక్కడే పుట్టాడు, నాలుగేళ్ళు, ఇంట్లో అందరికంటే దర్జాగా ఏ దేశమైనా వెళ్ళగలిగేది వాడొక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆవిడ వాళ్ళ అక్క కెనడాలో మిస్సిసాగాలో ఉంటారు, అక్కడ పీఆర్, అంటే శాశ్వత నివాసం. మా తోడల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "అమెరికా వైపు నుంచి నయాగరా చూడటం అంటే పెళ్ళిలో మండపం వెనకాల కూర్చోవడమే, కెనడా వచ్చేయండి" అని. అది విన్న దగ్గర్నుంచి మా ఆవిడ కెనడా పాట, అక్కని చూసి మూడేళ్ళయింది పాపం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు, మెట్లంటే భయం. నాన్న ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం పక్కనుండే మాచ్‌ఖండ్ పవర్ హౌస్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు, ఆయనది ఇంకో రకం. "డుడుమ పక్కన సర్వీసంతా గడిపిన వాడికి జలపాతం ఏం చూపిస్తావురా, ఆ నీళ్ళతో వీళ్ళు ఏం చేస్తున్నారో అది చూపించు" అంటున్నారు.

న్యూజెర్సీలో మా ఎడిసన్ నుంచి కారులో వెళ్దామని అనుకుంటున్నాం, జులై 4 లాంగ్ వీకెండ్. కెనడా వీసా తీసుకునేంత తేడా నిజంగా ఉందా? స్టాంపు లేకుండా దాటితే వెనక్కి రానిస్తారా? వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి.


బఫెలో_బుల్లోడు:

చంటి గారూ, నేను బఫెలోలో ఉండబట్టి చాలా ఏళ్ళయింది, ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలొచ్చినా తీసుకెళ్ళే డ్యూటీ నాదే, ఎన్ని సార్లు వెళ్ళానో లెక్క పెట్టడం మానేశాను. కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు మీ తోడల్లుడు చెప్పింది నిజమేనని ఒప్పేసుకుందాం. అక్కడున్నది ఒక జలపాతం కాదు, మూడు. అమెరికన్ ఫాల్స్, దాని పక్కన సన్నగా బ్రైడల్ వెయిల్, ఈ రెండూ పూర్తిగా అమెరికావి. గోట్ ఐలాండ్ అనే లంక దాటితే హార్స్‌షూ, గుర్రపులాడం ఆకారంలో, దాదాపు 57 మీటర్ల ఎత్తు, చాలా భాగం కెనడాది, నదిలో వచ్చే నీళ్ళలో నూటికి తొంభై వంతులు పడేది దాని మీద నుంచే. మూడింటి ముఖమూ కెనడా గట్టు వైపే. అందుకే మీరు క్యాలెండర్లలో చూసిన ఫొటోలన్నీ అటు నుంచి తీసినవే. ఇందులో వాదన లేదు.

కానీ చూడటం వేరు, దగ్గరికెళ్ళడం వేరు కదా. అమెరికా వైపు నీళ్ళు మీ పక్కనుంచే దూకుతాయి. లూనా ఐలాండ్ మీద నిలబడితే ఎడమ పక్క ఒక జలపాతం, కుడి పక్క ఒక జలపాతం, మధ్యలో మీరు, రెయిలింగ్ పట్టుకుంటే చేతికి వణుకు తెలుస్తుంది. టెర్రాపిన్ పాయింట్‌లో హార్స్‌షూ అంచు ఎంత దగ్గరంటే ఆకుపచ్చ నీళ్ళు వంగి కిందికి జారే చోటు కళ్ళ ముందే ఉంటుంది. నాకైతే ఎదురుగా నిలబడి మొత్తం చూడటం కంటే ఆ వంపు చూడటమే ఇష్టం. ఎవరిష్టం వాళ్ళది.

ఇంకో సంగతి మీ తోడల్లుడు చెప్పి ఉండడు. రెండు దేశాల బోట్లూ వెళ్ళేది ఒకే చోటికి. ఇటు మెయిడ్ ఆఫ్ ద మిస్ట్, తడవకుండా తల మీంచి వేసుకునే నీలం రంగు పొంచోలు. అటు కెనడా బోటు, ఎర్ర పొంచోలు. రెండూ అమెరికన్ ఫాల్స్ ముందు నుంచి సాగి హార్స్‌షూ కడుపులోకి వెళ్ళి వెనక్కి తిరుగుతాయి, ఓ ఇరవై నిమిషాలు. అంటే బోటెక్కాక మీరు మండపం ఎదురుగా ముందు వరసలో కూర్చున్నట్టే, వీసా లేకుండానే. ఆ బోటు ఎక్కకుండా అమెరికా వైపు నుంచి తిరిగొచ్చిన వాళ్ళే "ఏముందక్కడ" అంటారు. ఇటు వైపు బోట్లు 2020 నుంచి కరెంటు బోట్లు, డీజిల్ చప్పుడు లేదు, ఒకదాని పేరు నికోలా టెస్లా, కరెంటు శాస్త్రవేత్త పేరు. నాన్నగారికి చెప్పండి, సంతోషిస్తారు.

జులై 4 మాత్రం వద్దు. దండం పెట్టి చెప్తున్నా. పార్కింగ్ దగ్గరే మీ అమ్మగారి ఓపిక అయిపోతుంది. ఏదైనా మంగళవారమో బుధవారమో పెట్టుకోండి, ఒక రోజు సెలవు పోతే పోయింది.


హామిల్టన్_హరి:

బుల్లోడన్నా, మీ ఊరి అభిమానం బాగుంది గానీ కొంచెం మా కెనడా వైపు కూడా చెప్పనివ్వు 🙂

నేను ఇటు గట్టు మీద గంటసేపు ఊరికే నడుస్తాను, ఎడమ చేతి వైపు మూడు జలపాతాలూ వరసగా కనబడుతూనే ఉంటాయి, టికెట్ లేదు, క్యూ లేదు, పెద్దవాళ్ళకి ఎక్కడపడితే అక్కడ బెంచీలు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి ఇంతకంటే ఏం కావాలి? టేబుల్ రాక్ దగ్గర హార్స్‌షూ అంచు మీ టెర్రాపిన్ కంటే ఏం తక్కువ దగ్గర కాదు. రాత్రి రంగు లైట్లు వేసేది ప్రధానంగా ఇటు నుంచే, అవి ఎదురుగా నిలబడి చూస్తేనే అందం, పక్కనుంచి చూస్తే ఎవరో టార్చి వేసినట్టు ఉంటుంది.

చంటి గారి నాన్నగారి కోసం అసలైనది ఇటే ఉంది. 1905లో మొదలై 2006లో ఆగిపోయిన పాత పవర్ స్టేషన్‌ని 2021లో చూడటానికి తెరిచారు, జనరేటర్లు వరసగా నీలం రంగులో అలాగే ఉన్నాయి. 2022 నుంచి కింద సొరంగం కూడా తెరిచారు, టర్బైన్ తిప్పి వదిలేసిన నీళ్ళు బయటికి పోయే సొరంగం, లిఫ్టులో దిగి ఆరు వందల డెబ్బై మీటర్లు నడిస్తే నది మట్టానికి, జలపాతం పాదాల దగ్గర తేలుతారు. మాచ్‌ఖండ్‌లో పనిచేసిన మనిషికి అది చూపించకుండా పంపిస్తే ఎలాగండీ.

క్లిఫ్టన్ హిల్ అని ఒక వీధి ఉంది, దెయ్యాల కొంపలు, మైనపు బొమ్మలు, తిరునాళ్ళలా ఉంటుంది. అది మాత్రం వదిలేసినా నష్టం లేదు, బుడ్డోడు చూశాడంటే కదలడు, మీ జేబు ఖాళీ.


స్టాంపింగ్_బాధితుడు:

అందాల సంగతి తర్వాత. పేపర్ల సంగతి ఎవరూ చెప్పట్లేదు, నేను చెప్తాను, నా పేరు చూస్తే మీకు అర్థమై ఉంటుంది.

రెండు వేర్వేరు తలుపులు ఉన్నాయి, జనం కలిపేస్తారు. ఒకటి, కెనడా లోపలికి వెళ్ళే తలుపు. ఇండియన్ పాస్‌పోర్టుకి కెనడా విజిటర్ వీసా కావాల్సిందే, మీ దగ్గర అమెరికా వీసా ఉందనో హెచ్1బీ ఉందనో రెండు దేశాల మధ్య వంతెన మీద రానివ్వరు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి మాత్రం వీసా అక్కర్లేదు, కార్డూ పాస్‌పోర్టూ చాలు. మీ ఇంట్లో బుడ్డోడు తప్ప నలుగురికీ కావాలి, ఒక్కొక్కరికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. అప్రూవ్ అయితే పాస్‌పోర్టులు స్టాంపు కోసం పంపాలి, అవి తిరిగొచ్చేదాకా అమ్మానాన్నల పాస్‌పోర్టులు చేతిలో ఉండవు. నాకైతే ఆ టెన్షన్ చాలు.

రెండోది, వెనక్కి వచ్చే తలుపు. దీన్నే ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అంటారు. స్టాంపు అయిపోయినా సరే, ఐ-94 చెల్లుబాటులో ఉండి, కెనడాలో 30 రోజులకి మించకుండా ఉండి, అక్కడ కొత్త అమెరికా వీసాకి అప్లై చేయకుండా ఉంటే వెనక్కి రావచ్చు. ఆ మూడో షరతు గుర్తుపెట్టుకోండి. ఎలాగూ వెళ్తున్నాం కదా అని టొరంటోలో స్టాంపింగ్‌కి అప్లై చేశారనుకోండి, ఇక ఈ దారి మూసుకుపోతుంది, వీసా చేతికొచ్చేదాకా అక్కడే. నేను చేసింది సరిగ్గా అదే. రెండు రోజులకని ఒక్క బ్యాగుతో వెళ్ళి అయిదు వారాలు స్నేహితుడి బేస్‌మెంట్‌లో ఉన్నాను, వాళ్ళావిడ చివరికి నాకు పెట్టే పప్పులో ఉప్పు మానేసింది.

కాబట్టి మీకు దారి లేకపోలేదు. కానీ లోపలికి రానివ్వాలా లేదా అన్నది వంతెన దగ్గర ఆఫీసర్ చేతిలో ఉంటుంది, రూల్స్ మారుతుంటాయి, వెళ్ళే ముందు గవర్నమెంట్ సైట్‌లో మళ్ళీ చూసుకోండి, నాలాంటి వాళ్ళ మాట మీద బండి తీయకండి. ఇంకొకటి, అమ్మానాన్నలు కెనడా వెళ్ళొస్తే అమెరికాలో ఉండే ఆరు నెలల గడువు మళ్ళీ కొత్తగా మొదలవుతుందని కొందరు చెప్తారు, ఆ లెక్క మీద ఆశ పెట్టుకోకండి.

కెనడా వెళ్ళకపోయినా ఒక జాగ్రత్త. ఫోన్ మ్యాప్‌లో ఉత్తి "నయాగరా ఫాల్స్" అని కొట్టకండి, ఆ పేరుతో నదికి అటొక ఊరు, ఇటొక ఊరు ఉన్నాయి. స్టేట్ పార్క్ అని కొట్టండి. నాకు తెలిసిన ఒకాయన పాపం మ్యాప్ చెప్పినట్టు వెళ్ళి కెనడాకి దాటే రెయిన్‌బో బ్రిడ్జి లేన్‌లో పడ్డాడు, ఎక్కాక యూటర్న్ ఉండదు. వీసా లేకుండా కెనడా ఆఫీసర్ ముందుకి వెళ్ళి, అక్కడ వెనక్కి పంపిస్తున్నట్టు కాగితం రాయించుకుని, మళ్ళీ అమెరికా ఇమిగ్రేషన్ లైన్లో నిలబడి, కారులో అత్తగారు "ఏమైంది నాయనా" అని అడుగుతుంటే... వద్దులెండి.


కోనసీమ_పిల్ల:

నేను కిందటేడు అమ్మనీ అత్తయ్యగారినీ ఇద్దర్నీ ఒకేసారి తీసుకెళ్ళాను (ఎందుకని అడగకండి), అమెరికా వైపే. పెద్దవాళ్ళతో పనికొచ్చే ముక్కలు చెప్తాను.

పార్కులోకి టికెట్ లేదు, పార్కింగ్‌కి, బోటుకి, కేవ్ ఆఫ్ ద విండ్స్‌కి మాత్రమే. 1885లో పెట్టిన పార్కట, అమెరికాలో అన్నిటికంటే పాత స్టేట్ పార్క్ అని బోర్డు కూడా ఉంది. చెట్లు, గడ్డి, నీడ. మావాళ్ళకి అదే నచ్చింది, పులిహోర డబ్బా తీసి చెట్టు కింద కూర్చున్నారు, జలపాతం సంగతి గంటసేపు మర్చిపోయారు. పార్కులో ట్రాలీ బండి తిరుగుతుంటుంది, టికెట్ కొనుక్కుంటే కావాల్సిన చోట దిగి కావాల్సిన చోట ఎక్కచ్చు, మోకాళ్ళ వాళ్ళకి వరం.

బోటుకి లిఫ్టులో కిందికి దింపుతారు, మెట్లు ఎక్కక్కర్లేదు, కానీ క్యూలో నిలబడాలి, పొద్దున్నే వెళ్ళండి. పొద్దున వెళ్తే ఇంకో లాభం, ఎండ మన వెనకాల తూర్పు నుంచి వస్తుంది కాబట్టి ఇటు వైపు నుంచే ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. మధ్యాహ్నం తిరిగాక ఆ భాగ్యం కెనడా వాళ్ళది.

కేవ్ ఆఫ్ ద విండ్స్ అంటే పేరుకే గుహ, గుహ లేదు. లిఫ్టులో దిగాక బ్రైడల్ వెయిల్ కింద చెక్క మెట్లు కట్టి ఉంటాయి, పై మెట్టు మీద నిలబడితే జలపాతానికీ మనకీ మధ్య 20 అడుగులు. పసుపు పొంచో, చెప్పులు వాళ్ళే ఇస్తారు, ఆ చెప్పులు మనవే, మా అత్తయ్యగారు ఇప్పటికీ వాటితోనే పెరట్లో తిరుగుతున్నారు. మీ అమ్మగార్ని కింది మెట్టు దగ్గర ఆపేయండి, అక్కడికే తుంపర సరిపోతుంది, పైదాకా తీసుకెళ్ళకండి, తడి మెట్లు. కొంగలు కావు, సముద్రపు పిట్టలు, బోలెడు తిరుగుతుంటాయి, తల మీద పొంచో టోపీ తీయకండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

చీర వద్దు. ఎంత చెప్పినా మా అమ్మ చీరే కట్టింది, పొంచో కింద నుంచి మోకాళ్ళ దాకా తడిసి సాయంత్రం దాకా ఆరలేదు. తిండికి భయం లేదు, ఇటు ఊళ్ళో ఇండియన్ హోటళ్ళు బోలెడు, అన్నం పప్పు దొరుకుతుంది, రుచి గురించి నేను మాట్లాడను.


చంటి_ఎడిసన్:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. స్టాంపింగ్ అన్న గారి పోస్ట్ మా ఆవిడకి చదివి వినిపించాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పోనీ అక్కనే ఇటు రమ్మందాం" అంది. వాళ్ళదీ ఇండియన్ పాస్‌పోర్టే, వాళ్ళకి అమెరికా వీసా లేదు! నదికి అటు వాళ్ళు, ఇటు మేము.

అమెరికా వైపే ఖాయం చేశాం. ఆగస్టులో బుధ, గురువారాలు. ఒక్కటే మిగిలింది, నాన్న. హరి గారు చెప్పిన ఆ సొరంగం గురించి చదివి అప్పట్నుంచీ మూతి ముడుచుకున్నారు. ఇటు వైపు ఆయనకి చూపించడానికి ఏమీ లేదా?


బఫెలో_బుల్లోడు:

లేకపోవడమేంటి గురువుగారూ, ప్రపంచంలో పెద్ద కరెంటు కథల్లో ఒకటి ఇక్కడే మొదలైంది. 1895లో ఇటు గట్టు మీద ఆల్టర్నేటింగ్ కరెంటు జనరేటర్లు తిరగడం మొదలైంది, 1896లో ఇక్కడి కరెంటు మా బఫెలోకి వచ్చింది. గోట్ ఐలాండ్‌లో టెస్లా విగ్రహం ఉంది, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటాడు, జనం ఎక్కి ఫొటోలు దిగుతారు.

జలపాతం నుంచి నాలుగున్నర మైళ్ళు ఉత్తరానికి వెళ్తే లూయిస్టన్‌లో రాబర్ట్ మోసెస్ పవర్ ప్లాంట్, 1961 నుంచి నడుస్తోంది. దానికి పవర్ విస్టా అని సందర్శకుల కేంద్రం ఉంది, ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం, బాల్కనీ నుంచి కింద ప్లాంటూ లోయా కనిపిస్తాయి, ఎదురు గట్టు మీద కెనడా వాళ్ళ ప్లాంటు కూడా. ఎండాకాలంలో ఏసీ కూడా ఉంటుంది, అమ్మగారు కూర్చోవచ్చు. దానికి ముందు జలపాతానికి దగ్గర్లో షోల్‌కాఫ్ అనే పవర్ స్టేషన్ ఉండేది, 1956 జూన్ 7న వెనక కొండ రాళ్ళు కూలి చాలా భాగం నదిలోకి పోయింది. బోటు రేవు దగ్గర్లోనే ఆ శిథిలాలు ఉన్నాయి, లిఫ్టులో దిగి చూడచ్చు, జనం పెద్దగా వెళ్ళరు. నాన్నగార్ని తప్పకుండా తీసుకెళ్ళండి.

ఆయనకి ఇంకో మాట చెప్పండి. నయాగరా నీళ్ళకి కూడా షెడ్యూల్ ఉంది. 1950లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి, టూరిస్టుల సీజన్‌లో పగటి పూట సెకనుకి కనీసం లక్ష ఘనపుటడుగులు జలపాతం మీద నుంచి వదలాలి, రాత్రి పూట, చలికాలంలో యాభై వేలు చాలు, మిగతాది రెండు వైపులా సొరంగాల్లోకి తిప్పుకుని కరెంటు తీసుకుంటారు. అంటే ఎండాకాలంలో రాత్రి పది దాటాక మీరు చూసేది సగం జలపాతమే. 1969లో అయితే రాళ్ళు పరీక్ష చేయడానికి అమెరికన్ ఫాల్స్‌ని జూన్ నుంచి నవంబరు దాకా పూర్తిగా ఆపేశారు, చుక్క నీరు లేకుండా ఎండబెట్టారు.


చంటి_ఎడిసన్:

వెళ్ళొచ్చాం. అడిగి వదిలేస్తే బాగోదని రాస్తున్నాను.

ఎడిసన్ నుంచి ఆరున్నర గంటలు అనుకుంటే అమ్మ కోసం ఆగుతూ తొమ్మిది పట్టింది. స్టేట్ పార్క్ అనే కొట్టాం. బ్రిడ్జి లేన్ బోర్డు చూడగానే మా ఆవిడ "ఎడమకి, ఎడమకి" అని అరిచిన అరుపుకి బుడ్డోడు నిద్ర లేచాడు.

నాన్న జలపాతం ముందు పది నిమిషాలు నిలబడ్డారు, "బాగుంది" అన్నారు, అంతే. పవర్ విస్టాలో మాత్రం రెండున్నర గంటలు. ఇక్కడ కెపాసిటీ రెండు వేల ఆరు వందల మెగావాట్ల పైన, మాచ్‌ఖండ్ 120. అది చదివి కాసేపు ఊరుకుని, "వీళ్ళకి నీరు ఇంట్లోకి నడిచొచ్చింది, మేము వించ్‌లో లోయలోకి దిగి డ్యూటీ చేసేవాళ్ళం" అన్నారు. తర్వాత ఒప్పందం సంగతి చెప్తే నవ్వారు, "రెండు రాష్ట్రాలకీ పంపకం అక్కడా ఉంది, ఆంధ్రాకింత ఒడిశాకింత, డుడుమలో నీళ్ళు ఎందుకు తగ్గాయని అడిగేవాళ్ళకి మేం ఇదే చెప్పేవాళ్ళం" అని. షోల్‌కాఫ్ శిథిలాల్లో మిగిలిన గోడ ముందు చెప్పులు విప్పబోయారు, ఎందుకో నేను అడగలేదు.

ఇక అక్కాచెల్లెళ్ళ సంగతి. మా తోడల్లుడు వాళ్ళు కూడా అదే రోజు అటు గట్టుకి వచ్చారు. ముందు రెయిలింగ్ దగ్గర నిలబడి ఫోన్‌లో "నేను పసుపు చున్నీ ఊపుతున్నా, కనిపిస్తున్నానా" అని ఒకళ్ళు, "ఎక్కడే, ఇక్కడందరూ ఊపుతున్నారు" అని ఇంకొకళ్ళు. గట్టు మీద నిలబడితే ఫోన్ కెనడా టవర్ పట్టుకుంటోంది, రోమింగ్ చూసుకోండి, నా బిల్లు ఇంకా రాలేదు. అప్పుడు మా తోడల్లుడికే ఐడియా వచ్చింది, ఇద్దరం ఒకే టైముకి బోటెక్కుదామని. రెండు సార్లు తప్పింది, మా క్యూ ముందు కదిలింది, వాళ్ళది కదల్లేదు. చివరికి మేం హార్స్‌షూ నుంచి వెనక్కి తిరుగుతుంటే వాళ్ళ బోటు లోపలికి వస్తూ ఎదురైంది. బోటు నిండా ఎర్ర పొంచోలు, అందులో వదిన ఎవరో దేవుడికే తెలియాలి. మా ఆవిడ మాత్రం ఒక ఎర్ర పొంచోని చూపించి "అదిగో అక్క" అని ఏడ్చేసింది. ఆ హోరులో వాళ్ళేం అరిచారో వినబడలేదు.

రాత్రి ఫోన్ చేస్తే తెలిసింది, వదిన బోటుకి ఆ చివర ఉన్నారట. మా ఆవిడకి చెప్పలేదు.